పన్నెండు మంది సామాన్యులను నమ్ముకున్న ప్లీడరు

అది 1778 నవంబరు మాసం. లండనులోని కింగ్స్ బెంచ్ న్యాయస్థానంలో ఒక నౌకాదళ కెప్టెన్ మీద పరువు కేసు నడుస్తున్నది. కెప్టెన్ తరఫున అయిదుగురు ప్లీడర్లు ఉన్నారు. వారిలో నలుగురు పెద్దలు మాట్లాడడం అయిపోయింది. ఇక ఎవరూ లేరనుకుని అవతలి పక్షం ప్లీడరు జవాబు చెప్పడానికి సిద్ధమవుతుండగా వెనుక వరుసలో ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. కోర్టులో ఆయనను ఎరిగినవారు లేరు. ఆయన గౌను తొడిగి అయిదు మాసాలు కూడా నిండలేదు. ఆ యువకుడే థామస్ ఎర్‌స్కిన్. పరువు కేసులు వాదించడంలో ఆ కాలపు ఇంగ్లాండులో ఆయనను మించినవారు లేరని తర్వాతి రోజుల్లో పేరు వచ్చింది.

పేరుకు ప్రభువుల బిడ్డ

ఎర్‌స్కిన్ 1750 జనవరి 10న స్కాట్లండు ముఖ్యపట్టణమైన ఎడింబరోలో జన్మించారు. తండ్రి బుకన్ ప్రభువు. వంశం గొప్పదే గాని ఇంట్లో డబ్బు లేదు. మూడవ కుమారుడైన థామస్‌ను కాలేజీకి పంపే స్తోమత లేక, 14వ ఏట ఓడ ఎక్కించారు. నౌకాదళంలో నాలుగేళ్లు వెస్టిండీస్ ప్రాంతంలో గడిపి తిరిగివచ్చి, 1768లో సైన్యంలో చిన్న అధికారిగా చేరారు. 1770లో ఫ్రాన్సెస్ మూర్‌ను వివాహమాడారు. పిల్లలు పుట్టుకొచ్చారు. జీతం చాలేది కాదు.

ఒకనాడు తమ పటాలం మకాం వేసిన ఊళ్లో కోర్టు జరుగుతుంటే ఆయన చూడడానికి వెళ్లారట. ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని కేసు సంగతులు వివరించారనీ, న్యాయవాద వృత్తిలోకి రమ్మని ప్రోత్సహించారనీ చెబుతారు. ఎర్‌స్కిన్ 1775లో లింకన్స్ ఇన్‌లో చేరారు. యూనివర్సిటీ పట్టా ఉన్నవారికి బారిష్టరు కావడానికి పట్టే గడువు తగ్గుతుంది కనుక కేంబ్రిడ్జిలో కూడా పేరు నమోదు చేసుకున్నారు. ఆ మూడేళ్లూ చవకగా దొరికే బోటీ, పశువుల కాళ్లతో కుటుంబం పూట గడుపుకున్నది. 1778 జూలైలో ఆయన బారిష్టరు అయ్యారు.

తొలి కేసు

గ్రీనిచ్‌లో వృద్ధ నావికుల కోసం ప్రభుత్వ ఆసుపత్రి, ఆశ్రమం ఉండేవి. కెప్టెన్ థామస్ బెయిలీ దానికి ఉప పాలకుడు. నావికులకు ఇవ్వవలసిన ఉద్యోగాలను సముద్రం మొహం చూడనివారికి కట్టబెడుతున్నారనీ, ముసలివారి తిండిలో కూడా కాజేస్తున్నారనీ ఆయన ఒక పుస్తకం అచ్చు వేయించి ఆసుపత్రి నిర్వాహక సభ్యులకు పంచారు. వేళ్లు నౌకాశాఖ అధిపతి లార్డ్ శాండ్విచ్ వైపు చూపిస్తున్నాయి. బెయిలీని పదవి నుంచి తప్పించారు. ఆసుపత్రి అధికారులు ఆయన మీద పరువు తీసిన నేరానికి కేసు పెట్టారు.

ఎర్‌స్కిన్‌కు ఈ కేసు దొరకడమూ విచిత్రమే. ఒక విందులో ఆయన శాండ్విచ్‌ను దుమ్మెత్తి పోశారు. అదే బల్ల దగ్గర బెయిలీ కూర్చుని ఉన్న సంగతి ఆయనకు తెలియదు. మర్నాడే బెయిలీ నుంచి వకాల్తా వచ్చింది. రాజీ పడమని తోటి ప్లీడర్లు సలహా ఇస్తే, ఎర్‌స్కిన్ ఒక్కరే వద్దన్నారు. కెప్టెన్ ఆయన మాటే విన్నాడు.

ఆ రోజు న్యాయపీఠం మీద ఉన్నది లార్డ్ మాన్స్‌ఫీల్డే. ఎర్‌స్కిన్ శాండ్విచ్ పేరు ఎత్తగానే, ఆ పెద్దమనిషి ఈ కేసులో పార్టీ కాదని న్యాయమూర్తి అడ్డు తగిలారు. పార్టీ కాకపోతే తానే ఆయనను కోర్టు ముందుకు తెస్తానని ఎర్‌స్కిన్ జవాబిచ్చి, తెర వెనుక ఉన్నది ఆయనేనని పేరు పెట్టి మరీ ఆరోపించారు. కోర్టు నిశ్చేష్టమైంది. కేసు కొట్టివేశారు. ఆయన బయటికి వస్తుండగానే వకాల్తాలు చేతిలో పడ్డాయని అంటారు. అంత ధైర్యం ఎక్కడిదని అడిగితే, తన పిల్లలు గౌను పట్టి లాగుతూ రొట్టె తెచ్చే వేళ ఇదేనని అంటున్నట్టు తోచిందని ఆయన చెప్పుకున్నారట. పాపం, బెయిలీకి మాత్రం పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు.

మరుసటి ఏడాది అడ్మిరల్ కెపెల్‌కు సైనిక విచారణలో తోడ్పడినందుకు ఎర్‌స్కిన్‌కు వెయ్యి పౌన్ల కానుక ముట్టింది. 1781లో లండను అల్లర్లకు సంబంధించి రాజద్రోహ నేరం మోపబడిన లార్డ్ జార్జ్ గోర్డన్‌ను విడిపించారు. ఇక ఆయన ఇంట్లో తిండికి కరువు రాలేదు.

తగవు ఎక్కడ?

రాసి పరువు తీయడాన్ని ఇంగ్లీషు చట్టం లైబెల్ అంటుంది. ఆ రోజుల్లో పక్కవాడిని తిట్టిన రాతా, ప్రభుత్వాన్ని తప్పుపట్టిన రాతా రెండూ ఈ మాట కిందికే వచ్చేవి. రాసింది నిజమని రుజువు చేసినా ముద్దాయికి విడుదల లేదు. పైగా, పుస్తకం అచ్చు వేసింది ఇతనేనా, అందులోని మాటలు ఫలానావారిని ఉద్దేశించినవేనా అన్నంత వరకే జ్యూరీ చెప్పాలి. ఆ రాత నేరమా కాదా అన్నది న్యాయమూర్తి తేలుస్తాడు. న్యాయమూర్తిని నియమించేది ప్రభుత్వం. ప్రభుత్వాన్ని విమర్శించినవాడి తప్పొప్పులు ఆ న్యాయమూర్తి చేతిలోనే ఉంటే ఇక పత్రికలు బతికేదెట్లా? మనిషిని జైలుకు పంపే మాట పన్నెండు మంది జ్యూరర్లే చెప్పాలని ఎర్‌స్కిన్ పట్టు. ఆయన జీవితమంతా ఈ ఒక్క తగవు చుట్టూనే తిరిగింది.

1784లో ఆ తగవు బజారున పడింది. వేల్సులోని సెయింట్ అసాఫ్ చర్చి డీన్ విలియం షిప్లీ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. రైతుకూ పండితుడికీ మధ్య సంభాషణ రూపంలో, ప్రజలకు ఓటు ఎందుకుండాలో అందులో చెప్పారు. రాసింది షిప్లీ బావగారైన విలియం జోన్స్. ఆయన అప్పటికే కలకత్తా సుప్రీం కోర్టు జడ్జిగా మన దేశం వచ్చేశారు. ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన జోన్స్ ఈయనే. కేసు మాత్రం షిప్లీ మీద నడిచింది.

ష్రూస్‌బరీలో విచారణ జరిపింది జస్టిస్ బుల్లర్. ఎర్‌స్కిన్ వృత్తి నేర్చుకున్నది ఈ బుల్లర్ వద్దనే. జ్యూరీ బయటికి వచ్చి, ముద్దాయి పుస్తకం ప్రచురించినందుకు మాత్రమే దోషి అని చెప్పింది. ఆ మాత్రమే అన్న మాట న్యాయమూర్తికి రుచించలేదు. అది ఉంటే శిక్ష వేయడానికి చిక్కు వస్తుంది. జ్యూరీ చెప్పింది చెప్పినట్టే రాయాలని ఎర్‌స్కిన్ పట్టుబట్టారు. కూర్చోమని గురువు గద్దించారు. కర్తవ్యం గుర్తుంచుకోకపోతే తానే నేర్పవలసి వస్తుందన్నారు. తన కర్తవ్యం తనకు తెలుసునని బదులిచ్చి శిష్యుడు నిలబడే ఉన్నారు. ప్రచురించాడు గాని అది నేరమో కాదో తాము తేల్చలేదని చివరికి జ్యూరీ తీర్పు రాయించింది.

ఎర్‌స్కిన్ కొత్త విచారణ కోరితే లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. పాత చట్టమే సరి అన్నారు. అయితే అభియోగపత్రంలోనే లోపం ఉన్నదని షిప్లీకి శిక్ష వేయకుండా వదిలివేశారు. ముద్దాయి గెలిచాడు, సూత్రం ఓడింది.

హేస్టింగ్సు పేరిట మరో కేసు

వారన్ హేస్టింగ్సు బెంగాల్ గవర్నర్ జనరల్‌గా చేసిన అక్రమాలపై పార్లమెంటులో 1788లో విచారణ మొదలైంది. బర్క్, ఫాక్స్, షెరిడన్ వంటి మహావక్తలు అభియోక్తలు. జాన్ లోగన్ అనే స్కాటిష్ రచయిత హేస్టింగ్సును సమర్థిస్తూ పుస్తకం రాశారు. అందులో పార్లమెంటు పరువు పోయే వాక్యాలున్నాయని కామన్స్ సభ ఆగ్రహించి, పుస్తకం అమ్మిన జాన్ స్టాక్‌డేల్ మీద కేసు పెట్టించింది. కేసు పెట్టాలన్న ఫాక్సు ఎర్‌స్కిన్ పార్టీ నాయకుడే. అయినా ఎర్‌స్కిన్ స్టాక్‌డేల్ తరఫున నిలబడ్డారు.

1789 డిసెంబరులో ఆయన చేసిన వాదన ఆయన ప్రసంగాలన్నిటిలో శ్రేష్ఠమైనదని చాలామంది అంటారు. నాలుగు వాక్యాలు ఏరి చూపి మనిషిని నేరస్థుడనడం తగదనీ, పుస్తకం మొత్తం చదివి రచయిత ఉద్దేశం చూడాలనీ జ్యూరీకి చెప్పారు. హేస్టింగ్సును ఆయన నిర్దోషి అనలేదు. పరాయి దేశాన్ని బలప్రయోగంతో లోబరచుకుని, ఆ రాజ్యాన్ని నిలపమని మనిషిని పంపినవారు, అక్కడ దయాధర్మాలు నడవలేదని అతనొక్కడినే తప్పుపట్టడం ఏమిటని అడిగారు. భారతదేశంలో కంపెనీ పాలన దేని మీద నిలబడిందో లండను కోర్టులో అంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు. జ్యూరీ స్టాక్‌డేల్‌ను నిర్దోషిగా వదిలింది.

మూడేళ్లు తిరక్కుండానే సూత్రమూ గెలిచింది. 1791లో ఫాక్సు ప్రవేశపెట్టిన బిల్లును ఎర్‌స్కిన్ బలపరిచారు. 1792లో అది చట్టమైంది. రాత నేరమా కాదా అన్న ప్రశ్నతో సహా కేసు మొత్తం మీద తీర్పు చెప్పే అధికారం జ్యూరీకి వచ్చింది.

ఓడిపోయే కేసు

అదే ఏడాది డిసెంబరులో థామస్ పెయిన్ కేసు వచ్చింది. మానవ హక్కుల గురించి పెయిన్ రాసిన గ్రంథం రాజరికాన్ని నిందిస్తున్నదని ప్రభుత్వం కేసు పెట్టింది. పెయిన్ అప్పటికే ఫ్రాన్సు చేరుకున్నాడు. ఎర్‌స్కిన్ యువరాజుకు అటార్నీ జనరల్. ఈ కేసు ముట్టుకుంటే ఆ పదవి ఊడుతుందని అందరికీ తెలుసు. కేసు వదులుకొమ్మని పెద్దలు నచ్చజెప్పారు. ముద్దాయి మంచివాడా చెడ్డవాడా అని ప్లీడరే ముందుగా తేల్చుకుని తప్పుకుంటే, విచారణకు ముందే అతడికి శిక్ష వేసినట్లవుతుందని ఎర్‌స్కిన్ వాదం. అవతలి పక్షం జవాబు కూడా వినకుండానే జ్యూరీ పెయిన్‌ను దోషి అన్నది. తాను నమ్ముకున్న జ్యూరీయే ఎర్‌స్కిన్‌ను ఓడించింది. యువరాజు కొలువూ పోయింది. అయినా కోర్టు బయట జనం ఆయన బండి గుర్రాలు విప్పి, తామే లాక్కుంటూ వెళ్లారు.

1794లో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే అతని మీద రాజద్రోహ నేరం మోపారు. సామాన్యులకు ఓటు కావాలని సంఘం పెట్టడమే అతని తప్పు. రుజువైతే ఉరి. ఎర్‌స్కిన్ రోజుల తరబడి వాదించి నవంబరు 5న అతనిని విడిపించారు. ఆ వెంటనే హోర్న్ టూక్, థెల్వాల్ కూడా విడుదలయ్యారు.

ఆయనకూ మచ్చలు లేకపోలేదు. 1797లో పెయిన్ రాసిన మరో పుస్తకం మత నింద అని, దాన్ని అమ్మిన విలియమ్స్ మీద ఎర్‌స్కిన్ స్వయంగా అభియోగం నడిపి శిక్ష వేయించారు. తర్వాత ఒకనాడు దారిలో ఒక స్త్రీ ఆయన కోటు పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె విలియమ్స్ భార్య. ఇరుకు గదిలో పిల్లలు మశూచితో పడి ఉన్నారు. విలియమ్స్ పక్కనే కూర్చుని పుస్తకాలు కుడుతున్నాడు. దయ చూపమని ఎర్‌స్కిన్ తన కక్షిదారులను కోరారు. వారు ఒప్పుకోకపోతే వకాల్తా తిప్పి పంపేశారు.

ఆఖరి రోజులు

పార్లమెంటులో ఎర్‌స్కిన్ రాణించలేదు. జ్యూరీని కట్టిపడేసే గొంతు సభలో తేలిపోయేది. 1806లో ఇంగ్లాండు న్యాయవ్యవస్థకు శిఖరమైన లార్డ్ ఛాన్సలర్ పదవి దక్కినా, మంత్రివర్గం పడిపోవడంతో మరుసటి ఏడాదే దిగిపోయారు. ప్రభు బిరుదుతో వచ్చిన వంశ చిహ్నం మీద జ్యూరీ విచారణ అన్న మాటలనే ఆయన చెక్కించుకున్నారు. పశువులను హింసించరాదని 1809లో ఆయన తెచ్చిన బిల్లు ప్రభువుల సభలో నెగ్గి కామన్స్‌లో వీగిపోయింది. అటువంటి చట్టం 1822లో వచ్చింది. సంపాదించిన డబ్బు భూములలోనూ పెట్టుబడులలోనూ చాలావరకు కరిగిపోయింది. 1823 నవంబరు 17న స్కాట్లండులోని ఆల్మండెల్‌లో ఎర్‌స్కిన్ కన్నుమూశారు.

నిజం చెప్పానని ముద్దాయి వాదించుకునే వీలు ఇంగ్లాండులో క్రిమినల్ కేసులకు 1843లో గాని రాలేదు. 2009లో చేసిన చట్టంతో అక్కడ పరువు తీయడం నేరమనే పద్ధతే పోయింది. మన దేశంలో అది నేరమే. 1860 నాటి శిక్షాస్మృతిలోని 499వ సెక్షన్ సరైనదేనని 2016లో సుప్రీం కోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ వచ్చింది. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి రెండింటిలోనూ మినహాయింపు ఉంది. గ్రీనిచ్ కెప్టెన్‌కు చట్టం ఆ మినహాయింపు ఇవ్వలేదు. వెనుక వరుసలో నుంచి లేచిన ఒక కొత్త ప్లీడరు మాత్రమే ఆయనకు దక్కాడు.