కార్ల్ వాన్ లిండే

కార్ల్ వాన్ లిండే (జూన్ 11, 1842 - నవంబర్ 16, 1934) జర్మనీకి చెందిన ఇంజనీరు, ఆచార్యుడు, పారిశ్రామికవేత్త. బాష్ప సంపీడన శీతలీకరణ యంత్రాన్ని ఉష్ణగతిక శాస్త్ర సూత్రాల ఆధారంగా మెరుగుపరచి, దాని నిర్మాణాన్ని సరళం చేసినవారిలో ఈయన ముఖ్యుడు. గాలిని ద్రవీకరించే పారిశ్రామిక పద్ధతిని కూడా రూపొందించాడు.

బాల్యం, విద్య

లిండే బవేరియా రాజ్యంలోని బెర్న్‌డార్ఫ్ గ్రామంలో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించాడు. 1861లో జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో చేరి, ఉష్ణగతిక శాస్త్రానికి పునాదులు వేసిన రుడాల్ఫ్ క్లాసియస్ వంటి ఆచార్యుల వద్ద చదివాడు. 1864లో విద్యార్థుల నిరసనలో పాల్గొన్నందుకు బహిష్కరణకు గురై, పట్టా పొందలేకపోయాడు. నూలు మిల్లులోను, తరువాత బెర్లిన్, మ్యూనిక్ నగరాలలోని రైలింజన్ల కర్మాగారాలలోను పనిచేశాడు. 1868లో మ్యూనిక్‌లో కొత్తగా ఏర్పడిన పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడై, 1872లో ఆచార్య పదవి పొందాడు. రుడాల్ఫ్ డీజిల్ ఈయన శిష్యుడే.

నాటి పరిస్థితులు

ఆ కాలంలో మంచుగడ్డ కావాలంటే చలికాలంలో గడ్డకట్టిన సరస్సులే ఆధారం. లిండే జన్మించిన 1842లోనే, అమెరికా నుండి ఓడలలో వచ్చే మంచును నిల్వచేయడానికి మద్రాసు సముద్రతీరంలో ఐస్ హౌస్ కట్టారు. కడప జిల్లా కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉండేది. లండన్‌లో జేకబ్ పెర్కిన్స్ 1834లోనే బాష్ప సంపీడన యంత్రానికి పేటెంటు పొందినా, తొలినాటి యంత్రాలలో సామర్థ్యం తక్కువ, లీకులు ఎక్కువ.

సామర్థ్యంపై పరిశోధన

ఈ యంత్రంలో ద్రవం తక్కువ పీడనం వద్ద ఆవిరవుతూ చుట్టుపక్కల ఉష్ణాన్ని గ్రహిస్తుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అధిక పీడనానికి నొక్కుతుంది. కండెన్సర్‌లో అది ఉష్ణాన్ని బయటకు వదలి తిరిగి ద్రవమవుతుంది. ఖర్చుచేసిన పనికి గరిష్ఠంగా ఎంత చల్లదనం లభించగలదో సిద్ధాంతపరంగా లెక్కించి, అసలు యంత్రం దానికి ఎంత దూరంలో ఉందో చూడాలన్నది లిండే మార్గం. 1870, 1871లలో ఈ విషయంపై వ్యాసాలు ప్రచురించాడు.

ఉదాహరణకు చల్లని వైపు -10 డిగ్రీల సెంటీగ్రేడు, వేడి వైపు 30 డిగ్రీలు ఉంటే ఒక వంతు పనికి గరిష్ఠంగా సుమారు 6.6 వంతుల ఉష్ణాన్ని తొలగించవచ్చు. వేడి వైపు 45 డిగ్రీలైతే అది 4.8కి తగ్గుతుంది. రాయలసీమ వేసవిలో శీతల గిడ్డంగులకు విద్యుత్తు ఎక్కువ ఖర్చు కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

నిర్మాణంలో సరళత

లెక్క ఎంత సరైనదైనా, కదిలే పిస్టన్ కడ్డీ పక్క నుండి వాయువు కారిపోతే యంత్రం నిష్ప్రయోజనం. మిథైల్ ఈథర్‌తో నడిచిన తొలి యంత్రాన్ని ఈ సమస్యే వేధించింది. మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కర్మాగారం ఈ ప్రయోగాలకు తోడ్పడింది. 1876 నాటికి లిండే అమ్మోనియాకు మారాడు. సాధారణ పీడనం వద్ద -33 డిగ్రీలకే మరిగే అమ్మోనియా, ఆవిరయ్యేటప్పుడు చాలా ఎక్కువ ఉష్ణాన్ని గ్రహిస్తుంది. తరువాత నిలువు కంప్రెసర్‌కు బదులు, పిస్టన్ ఇరువైపులా పనిచేసే అడ్డ కంప్రెసర్‌ను రూపొందించాడు. ట్రియెస్ట్ నగరంలోని ఒక బీరు కర్మాగారంలో 1877లో నెలకొల్పిన ఈయన యంత్రం 1908 వరకు పనిచేసింది.

1879లో లిండే ఆచార్య పదవి వదలి వీస్‌బాడెన్‌లో సంస్థను స్థాపించాడు. 1890 నాటికి 747 యంత్రాలు అమ్ముడయ్యాయి.

తరువాతి కృషి, మరణం

1895లో గాలిని పెద్ద ఎత్తున ద్రవీకరించడంలోను, 1902లో దాని నుండి ఆక్సిజన్‌ను వేరుచేయడంలోను విజయం సాధించాడు. 1897లో ప్రభువర్గ హోదా లభించి, పేరులో వాన్ చేరింది. 1934లో మ్యూనిక్‌లో మరణించాడు.

ప్రభావం

యంత్రాలతో మంచు తయారీ వ్యాపించాక ఓడల మంచు వ్యాపారం అంతరించింది. అమ్మోనియా విషవాయువు కనుక లీకయితే ప్రాణాపాయం ఉంది. అయినా ఓజోన్ పొరకు హాని చేయదు, సామర్థ్యం ఎక్కువ. అందువలన గుంటూరు మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగులలోను, మరెన్నో పెద్ద గిడ్డంగులలోను నేటికీ అమ్మోనియా యంత్రాలే వాడుకలో ఉన్నాయి.