ముప్పై ఏళ్లకి కెమెరా పట్టిన ఇంజనీరు

కొత్తగా ఫోటోలు మొదలుపెట్టినవాళ్లు ముందు అడిగేది ఏ కెమెరా కొనాలి అని. ఏళ్ల తరబడి హాబీగా తీస్తున్నవాళ్ల బాధ వేరు. ఫోటో షార్ప్‌గానే వస్తుంది, కలర్స్ బాగానే ఉంటాయి, కానీ చూసినవాళ్లు రెండు సెకన్లు కూడా ఆగరు. లోపం కంపోజిషన్‌లో ఉందని తెలుసు, ఎలా సరిచేసుకోవాలో తెలీదు. అలాంటివాళ్లు ఒకసారి రాజా దీన్‌దయాళ్ జీవితం చూడాలి. ఆయన కూడా ఇంజనీరింగ్ చదివినవారే.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. తర్వాత ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా పట్టింది 1874 ప్రాంతంలో, అంటే ముప్పై ఏళ్లకి. అది కూడా ఉద్యోగం చేసుకుంటూనే, హాబీగా.

అప్పట్లో ఫోటో తీయడం అంటే చిన్న పని కాదు. గాజు ప్లేటుకి రసాయనం పూసి, ఆ తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే డెవలప్ చెయ్యాలి. చీకటి గుడారం కూడా వెంట మోసుకెళ్లాలి. కెమెరా వెనక గాజు మీద దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. నెగటివ్ ఎంత ఉంటే ప్రింటూ దాదాపు అంతే. తర్వాత క్రాప్ చేద్దాంలే అనే ధీమా ఉండదు. ఎక్కడ నిలబడాలి, ఏది ఫ్రేమ్‌లో ఉండాలి, ఏది ఉండకూడదు అన్నీ ముందే తేల్చుకోవాలి.

ఇక్కడే ఆయనకి డ్రాయింగ్ బోర్డు పని కలిసొచ్చిందని నాకు అనిపిస్తుంది. బొమ్మ తలకిందులుగా ఉంటే అది కోటా, గుడా అన్న సంగతి వెనక్కిపోతుంది. గీతలు, బరువులు, ఖాళీలే మిగులుతాయి. డ్రాఫ్ట్స్‌మన్ రోజూ చూసేది అవే కదా. ఆయన తీసిన కట్టడాల్లో గోడలు నిటారుగా నిలబడతాయి. చాలా ఫోటోల్లో ఏ ద్వారం పక్కనో ఒక చిన్న మనిషి ఉంటాడు. ఆ మనిషిని చూశాకే ద్వారం ఎంత పెద్దదో మనకి తెలుస్తుంది.

1880ల మొదట్లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి మధ్య భారతంలో తిరిగి పాత కట్టడాలను ఫోటోలు తీశారు. 1886లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆ రోజుల్లోనే ఆయన పెద్ద నిర్ణయం తీసుకున్నారు. ముందు సెలవు పెట్టి, తర్వాత గవర్నమెంట్ ఉద్యోగమే వదిలేశారు. అప్పటికి నలభై దాటాయి. పదేళ్లకి పైగా హాబీగా సాధన చేశాక వేసిన అడుగు అది.

అక్కడి నుంచి ఆయన కథ మన వైపు తిరుగుతుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, రాజా బిరుదు ఆయన ఇచ్చిందే. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో విడిగా జనానా స్టూడియో నడిపారు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు వచ్చింది.

దర్బార్లు, ఫలక్‌నుమా ప్యాలెస్, కర్జన్ దంపతులు వేటాడిన పులి, అన్నీ ఆయన కెమెరాలోకి వచ్చాయి. నిజాం రాజ్యంలో కరువు సాయం కోసం చేరిన బక్కచిక్కిన జనం కూడా వచ్చారు. నాకు ఎక్కువ నచ్చేది ఈ చివరి సంగతే. ప్యాలెస్ దానంతటదే అందంగా ఉంటుంది. కరువులో ఉన్న మనిషిని ఎంత దూరం నుంచి, ఎలా చూపించాలి అన్నది రూల్ ఆఫ్ థర్డ్స్ చెప్పదు. అక్కడ కంపోజిషన్ అంటే ఎదుటి మనిషికిచ్చే మర్యాద కూడా.

1905లో ఆయన చనిపోయారు. 2,857 గాజు నెగటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మన ఫోన్లలో అంతకంటే ఎక్కువ ఫోటోలే ఉంటాయి. ఈసారి చార్మినార్‌కి వెళ్తే, ఆయన తీసిన చార్మినార్ ఫోటో ముందు ఒకసారి చూసి వెళ్లండి. ఫోన్ బయటికి తీసే ముందు ఎక్కడ నిలబడాలో వెతుక్కోండి.