వరదరాజమ్మ – కంభము చెరువు

విజయనగర ప్రభువైన శ్రీకృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతిని జయించెను. సంధి కుదిరినపుడు, సుమారు 1518లో, గజపతి తన కూతురును రాయలకిచ్చి వివాహము చేసెను. ఆమెయే వరదరాజమ్మ, తుక్కాదేవి యనియు ఆమెకు పేరు. శత్రువు బిడ్డ యగుటచే ఆమెకు పతి యాదరము లభింపలేదని చెప్పుదురు. అందుచే ఆమె రాజధానిని వీడి, కంభమునకు వచ్చి, అచ్చట ఏకాంతముగ నివసించెనట. కంభము 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండెను.

అది వానలు చాలని సీమ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ వానకాలమున పొంగి, వేసవిలో ఎండిపోవును. ఆ యేటికి అడ్డముగ రెండు కొండల నడుమ కట్ట వేయించి, వరదరాజమ్మయే చెరువును నిర్మింపజేసెనని జనశ్రుతి. కట్ట యెత్తు సుమారు 57 అడుగులు. ఆ నీటివలన వేలకొలది యెకరములు మాగాణి యయ్యెను.

తన విరహమును ఆమె సంస్కృతమున ఐదు శ్లోకములుగ రచించెనందురు. వానికి తుక్కాపంచకమని పేరు. ఆ శ్లోకములను పండితులెరుగుదురు. చెరువు నీటిని మాత్రము ప్రతి రైతు నెరుగును. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ ఈ చెరువును వారసత్వ కట్టడముగ గుర్తించెను. భర్త ప్రేమకు నోచుకొనని ఆ రాణిని కంభము ప్రజలు నేటికిని మరువలేదు.