జలశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో ఏ దారిన పోయినను బండరాయి కనిపించును. గుట్టలు, పరుపుబండలు, ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు మన కంటికి కదలికలేని జడపదార్థములు. కాని భౌతికశాస్త్రము చెప్పునది వేరు. ఎంతటి కఠినశిలయైనను భారము పడినప్పుడు అణుమాత్రము కుంగును. భారము తొలగగానే పూర్వరూపము పొందును. ఈ గుణమునకే స్థితిస్థాపకత అని పేరు. బయటి భారమునకు ఎదురుగా పదార్థము తన లోపల పుట్టించుకొను బలమును, ఒక చదరపు కొలత వైశాల్యమునకు లెక్కించినచో ప్రతిబలము అందురు. రాతి లోపల దాగిన ఈ ప్రతిబలము ఎవరికిని కనిపించదు. అయినను దాని లెక్క తప్పినచో కూలునది గోడ మాత్రమే కాదు, ఆ గోడ దిగువన నమ్మకముతో నిద్రించు ఊళ్లు కూడ. ఇట్టి బాధ్యతను దాదాపు నాలుగు దశాబ్దముల పాటు మోసిన మహనీయుడు మన హైదరాబాదు వాసి, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో జన్మించినారు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, మదర్సా-ఎ-ఆలియాలోను, పిదప నిజాం కళాశాలలోను విద్యనభ్యసించినారు. ప్రతిభను గుర్తించి ప్రభుత్వము విద్యార్థి వేతనమొసగగా, 1896లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, సముద్రము దాటి ఇంగ్లండు చేరినారు. అచ్చట కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివినారు. భారతదేశపు రోడ్లు, వంతెనలు, కాలువలు నిర్మించుటకు కావలసిన ఇంజనీర్లను తయారు చేయుటకే ఆ కళాశాల వెలసినది. విద్య ముగించి 1899లో స్వదేశమునకు తిరిగివచ్చి నిజాం ప్రభుత్వపు ప్రజా పనుల శాఖలో చేరినారు.

వారు ఇంజనీరింగు అభ్యసించిన ఆ సంవత్సరములు ఆనకట్టల శాస్త్రము పెద్ద కుదుపునకు లోనైన కాలము. 1895 ఏప్రిల్ 27న ఫ్రాన్సు దేశములోని బూజే ఆనకట్ట బద్దలై 80 మందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. అది రాతితో కట్టిన గోడయే. లెక్కల ప్రకారము నిలువవలసినదే. అయినను నిలువలేదు. ఎందువలన? ఈ ప్రశ్న ఆనాటి ఇంజనీర్లందరిని కలవరపెట్టినది.

విద్యార్థులకు సులభముగా బోధపడుటకు ఒక చిన్న లెక్క చూతము. ముప్పది మీటర్ల ఎత్తు గల రాతి ఆనకట్ట ఉన్నదనుకొందము. నీటివైపు ముఖము నిట్టనిలువు, దిగువ ముఖము వాలు, అడ్డుకోత త్రిభుజము. అడుగు వెడల్పు ఇరువది మీటర్లు. రాతికట్టడము నీటికంటె రెండుంబావు రెట్లు బరువు. అప్పుడు ఒక మీటరు పొడవు గోడ బరువు 675 టన్నులు. నీరు నిండినప్పుడు అదే మీటరు పొడవుపై నీటి తోపు 450 టన్నులు. ఈ రెండు బలముల ఫలితము అడుగుభాగమును మూడు సమభాగములు చేసినచో సరిగా నడిమి భాగపు దిగువ అంచున పడును. అప్పుడు దిగువ మూలయందు చదరపు మీటరుకు 67.5 టన్నుల నొక్కుడు, నీటివైపు మూలయందు సున్న. ఫలితము ఆ నడిమి భాగమును దాటి ఇంచుక బయటికి జరిగినచో నీటివైపున నొక్కుడు పోయి లాగుడు పుట్టును. రాతికి, సున్నపు అతుకునకు నొక్కుడును ఓర్చు శక్తి మెండు. లాగుడును ఓర్చు శక్తి మిక్కిలి స్వల్పము. అందుచేత ఫలితము నడిమి మూడవ భాగము దాటరాదను నియమము ఏర్పడినది.

బూజే ఆనకట్ట నేర్పిన పాఠము ఈ నియమమునకు మరియొక మెట్టు. నీటివైపున లాగుడు పుట్టి సన్నని పగులు ఏర్పడినచో నీరు అందులో చొరబడును. చొరబడిన నీరు గోడను క్రిందినుండి పైకెత్తును. పైకెత్తినకొలది గోడ బరువు తగ్గినట్లగును; లాగుడు పెరుగును; పగులు ఇంకను విచ్చుకొనును. మన లెక్కలోని గోడకే ఈ ఊర్ధ్వపీడనమును నీటివైపున పూర్తిగాను, దిగువ అంచున సున్నగాను కలిపి చూచినచో, ఇరువది మీటర్ల అడుగు చాలదు. దాదాపు ఇరువదియేడు మీటర్లు కావలెను. ఆ ఏడు మీటర్ల రాయి కట్టుటకు డబ్బు ఖర్చగును. కట్టకున్న ప్రాణములు ఖర్చగును. ఇంజనీరు కలమునకు గల బరువు ఇదియే.

కథ అంతటితో ఆగలేదు. 1904లో లండనులో అచర్లీ, కార్ల్ పియర్సన్ అను ఇరువురు పండితులు, ఆనకట్టలో అడ్డపు కోతలను మాత్రమే గాక నిలువు కోతలను కూడ పరీక్షింపవలెనని, దిగువ మూలవద్ద సైతము లాగుడు ఉండవచ్చునని వాదించినారు. వాదన తీరుటకు నమూనాలు కావలసివచ్చినవి. కూపర్స్ హిల్ కళాశాల అధ్యక్షులు సర్ జాన్ ఆట్లీ, ఆచార్యులు బ్రైట్‌మోర్ ప్లాస్టిసిన్ అను మెత్తని ముద్దతో చిన్న ఆనకట్టలు చేసి నీటి ఒత్తిడి పెట్టి పరిశీలించినారు. విల్సన్, గోర్ అనువారు రబ్బరు నమూనాలు చేసినారు. ఈ ఫలితములు 1908లో లండనులోని సివిల్ ఇంజనీర్ల సంస్థయందు వెలువడినవి. అలీ నవాజ్ జంగ్ గారు స్వదేశమునకు వచ్చిన పిదప, వారు చదివిన విద్యాలయపు ఆచార్యులే ఈ శోధనలో ముందుండుట గమనింపదగినది.

రబ్బరుతో రాతి గుట్టు తెలియునా అని సందేహము కలుగవచ్చును. తెలియును. ఒకే పదార్థముతో చేసిన వస్తువుపై ఇంత భారమని నిర్ణయించినప్పుడు, లోపలి ప్రతిబలముల పంపకము ఆ పదార్థపు గట్టిదనముపై ఆధారపడదు. ఆకారముపై, భారముపై ఆధారపడును. గట్టిదనము నిర్ణయించునది ఎంత కుంగును అను విషయము మాత్రమే. రాయి కుంగుట కంటికి ఆనదు. రబ్బరు వేలరెట్లు ఎక్కువగా కుంగును గనుక దానిపై గీసిన గీతల జరుగుదలను కొలిచి ప్రతిబలమును రాబట్టవచ్చును. ఆ ప్రయోగములలో దిగువ మూలను గూర్చిన భయము నిరాధారమని తేలినది. నీటివైపు మూలయందు, గోడ పునాదిని కలియు చోట, లాగుడు నిజముగానే కలదని తేలినది. బూజే చెప్పిన పాఠమునే ప్రయోగశాల తిరిగి చెప్పినది.

అదే 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనది ఉప్పొంగి హైదరాబాదు నగరమును ముంచినది. వేలాది జనులు మరణించినారు. అప్పుడు ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించగా, వారు మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై మరియొకటి జలాశయములు కట్టవలెనని సూచించినారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తియైనది. ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తియైనది. పెద్ద పనులకు బయటి నిపుణులను రప్పించుట ఆచారముగా ఉన్న ఆ దినములలో, 1918లో స్థానికుడైన మీర్ అహ్మద్ అలీ గారు చీఫ్ ఇంజనీరు పదవి నలంకరించినారు. హిమాయత్ సాగర్ వారి హయాములోనే పూర్తియైనది. నగరమును దాటిన మూసీ మన నల్లగొండ సీమలో ప్రవహించి వాడపల్లివద్ద కృష్ణలో కలియును గనుక, ఆ రెండు గోడలు నగరమునకే గాక మనకును కావలి కాచినవే.

వారి జీవితములో మకుటాయమానమైన నిర్మాణము నిజాం సాగర్. గోదావరి ఉపనదియైన మంజీరపై 1923లో పని ప్రారంభమై 1931లో ముగిసినది. ఆనకట్ట పొడవు సుమారు మూడు కిలోమీటర్లు; సంకల్పించిన సాగు 2,75,000 ఎకరములు. గణనయంత్రములు లేని రోజులవి. పొడవునా పునాదిబండ లోతు ఒక్కతీరుగా ఉండదు. లోతు మారినచోటల్లా గోడ ఎత్తు మారును, ఎత్తుతోపాటు ప్రతిబలము మారును. ప్రతి కోతకును వేరు లెక్క చేతితో వేయవలెను. ఆ లెక్కలను నమ్మి వేలాది కూలీలు రాయి మోసినారు, రైతులు పొలములు సిద్ధము చేసినారు. తొంబది ఏండ్లు దాటినను ఆ గోడ నిలిచియున్నది. కాలక్రమమున పూడిక చేరి జలాశయపు నిల్వశక్తి బాగుగా తగ్గినది. అది గోడ దోషము కాదు, పరీవాహక ప్రాంతపు మట్టి మోసుకొచ్చిన సమస్య. ఖమ్మము ప్రాంతమందలి పాలేరు, వైరా జలాశయములు కూడ వారి పేరుతో ముడిపడినవే.

వారు కేవలము రాతిగోడల ఇంజనీరు కారు. నదిలో ఎవరి పాలు ఎంత అను ప్రశ్నయందును నిపుణులు. 1929లో బొంబాయి ప్రభుత్వము సింధులోని సుక్కూరు బ్యారేజిని గూర్చి విచారణకు విశ్వేశ్వరయ్యగారితోపాటు వీరిని నియమించినది. 1937లో ఉద్యోగ విరమణ చేసినారు. మరుసటి యేట జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘములో నదులు, నీటిపారుదల ఉపసంఘమునకు వీరే అధ్యక్షులైనారు. తుంగభద్ర జలములను గూర్చి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వముల నడుమ సాగిన సంప్రదింపులలో హైదరాబాదు పక్షమున ప్రముఖపాత్ర వహించినారు. ఆ నదిపై వెలసిన రాజోలిబండ మళ్లింపు పథకమే గద్వాల, అలంపూరు ప్రాంతములలో 87,500 ఎకరములకు ఉద్దేశింపబడినది. నీరు చివరి పొలమువరకు చేరుటను గూర్చిన వివాదములు తరువాత తరములను వెన్నాడుట మన జిల్లావాసులు ఎరిగినదే. గోడ లెక్క ఒకరు తీర్చగలరు. పంపకపు లెక్క తీర్చుటకు అందరి మనస్సు కావలెను.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో విలీనమైనది. మరుసటి సంవత్సరము 1949 డిసెంబరు 6న నవాబుగారు దివంగతులైనారు. పాలనలు మారినవి, భాషలు మారినవి. వారి కాలువల నీరు త్రాగిన పల్లెలు వారి పేరు క్రమముగా మరచినవి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014లో ప్రభుత్వము వారి జన్మదినమైన జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవముగా ప్రకటించినది. మరణించిన ఆరున్నర దశాబ్దములకు దక్కిన గుర్తింపు అది.

వారి తదనంతరము మన నల్లగొండ జిల్లాలోని నందికొండవద్ద 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము, సుమారు 124 మీటర్ల ఎత్తున, 1450 మీటర్ల పొడవున రాతికట్టడముగానే లేచి, 1967లో కాలువలకు నీరిచ్చినది. ఆ దశకములోనే శాస్త్రము మరియొక మలుపు తిరిగినది. ఆనకట్టను చిన్న చిన్న త్రిభుజములుగా విభజించి, ఒక్కొక్కదాని ప్రతిబలమును గణనయంత్రముతో లెక్కించు పరిమిత మూలకముల పద్ధతిని అమెరికాలో క్లఫ్, విల్సన్ అనువారు నార్‌ఫోర్క్ ఆనకట్టలోని పగులును పరిశీలించుటకు 1962లో వాడినారు. ప్లాస్టిసిన్ ముద్ద చేసిన పనిని నేడు యంత్రము క్షణములలో చేయుచున్నది. కాని పునాది ఎట్టిదో, నీరు ఎచ్చట చొరబడునో, దిగువన ఎవరున్నారో యంత్రమునకు చెప్పవలసినది మనిషియే.

ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, నిజాం సాగర్ అను పేర్లను ఒక్కసారి పలికి చూడుడు. మొదటి మాట ఒక నుడిది, రెండవ మాట మరియొక నుడిది. రెండును కలిసినచోట నీరు నిలిచినది. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొను మన విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. అయితే పేరు కలిసినంత మాత్రమున గోడ నిలువదు. అడుగున లెక్క సరిపోవలెను. పందొమ్మిదేండ్ల వయస్సున మీర్ అహ్మద్ అలీ ఈ నేలను విడిచి పోయినది ఆ లెక్క నేర్చుటకే. ఇరువదిరెండేండ్ల వయస్సున తిరిగివచ్చినది దానిని ఈ నేలకు అప్పగించుటకే. మన కళాశాలనుండి గణితము, భౌతికశాస్త్రము చదివి వెలుపలికి పోవు ప్రతి విద్యార్థియు, ప్రతి విద్యార్థినియు ఈ రెండవ సగమును కూడ జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.