మన ఆగిరిపల్లి భగవంతం గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను మన కృష్ణా జిల్లా వారైన డాక్టర్ సూరి భగవంతం గారిని ఎన్నుకున్నాను. ఆయనను నేను చూసి ఎరుగను. ఆయన విద్యకూ నా చేతిపనికీ గల చుట్టరికం, రిటైరై ఆటోనగర్‌లో మా అబ్బాయి క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ షాపులో కూర్చున్నాకనే తెలిసింది.

ఆయన 1909 అక్టోబరు 14న ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి వద్ద చేరారు. రామన్ ఎఫెక్ట్ వెలువడిన సంవత్సరమే అది. అప్పటికి ఈయన ఇరవై నిండని కుర్రవాడు. అక్కడ వజ్రం కాంతిని చెదరగొట్టే తీరును పరిశీలించారు. పరిటాల, కొల్లూరు ఒకప్పుడు వజ్రాలకు పేరుపడిన ఊళ్ళు. ఆ ప్రాంతపు వారికి వజ్రమే పరిశోధన వస్తువు కావడం నాకు ముచ్చటగా తోస్తుంది.

1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అసలు సంగతి ఇక్కడుంది. స్ఫటికంలో అణువులు నేతలో పోగుల్లా వరుసగా అమరి ఉంటాయి. స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా పోయే కాంతి తీరు మారుతుంది. ఏ తరగతి స్ఫటికంలో ఆ మార్పును చెప్పడానికి ఎన్ని అంకెలు కావాలో జర్మన్ పండితుడు పాకెల్స్ 19వ శతాబ్దంలోనే పట్టిక వేశారు. లోకమంతా దానినే నమ్మింది. భగవంతం గారు 1942లో గ్రూప్ థియరీ అనే గణితంతో మళ్ళీ లెక్కవేసి, కొన్ని తరగతుల దగ్గర పట్టిక తప్పని తేల్చారు. మూడు చాలునన్న చోట నాలుగు అంకెలు కావాలి. తరువాత బేరియం నైట్రేట్ స్ఫటికం మీద ప్రయోగంతో అది రుజువైంది కూడా.

ఇది చదివినప్పుడు నా ఉద్యోగంలోని ఒక పాత తప్పు గుర్తుకొచ్చింది. ఒకసారి ఒక షాఫ్టును, కొలతలు పట్టికకు సరిపోయాయి కదా అని నేనే పాస్ చేశాను. జర్నల్ మూలన వెంట్రుకంత గీత ఉంది, చూసుకోలేదు. పదిహేను రోజులు తిరగకుండా అది నడిరోడ్డు మీద రెండు ముక్కలైంది. డ్రైవరు బతికి బయటపడ్డాడు, అది నా అదృష్టం. ఉక్కు కూడా సన్నని స్ఫటికాల కూర్పే. పగులు చాలావరకు పైతలంలోని గీత దగ్గరే పుట్టి, షాఫ్టు తిరిగిన కొద్దీ లోపలికి పాకుతుంది. మైక్రోమీటరుకు అది కనబడదు.

భగవంతం గారు భీమసేనాచార్ గారితో కలిసి, చెవికి వినబడనంత సన్నని ధ్వనిని వజ్రంలోకి పంపి దాని బిగువు కొలిచారు. ఆ ఫలితం 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వేలితో తట్టి చూస్తారే, ఆ విద్యకు ఇది పెద్దన్న. రైలు ఇరుసుల్లో దాగిన పగుళ్ళను పట్టేదీ ఇలాంటి ధ్వనే.

అయితే 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ అనేవారు మళ్ళీ కొలిస్తే, వజ్రపు మూడు అంకెల్లో ఒకటి భగవంతం గారు చెప్పినదానిలో మూడో వంతే వచ్చింది. వారి అంకెలే నిలిచాయి. కొందరు అభిమానులు ఈ ముక్క వదిలేసి రాస్తారు. పాకెల్స్‌ను దిద్దిన మనిషి గురించి అలా రాయడం నాకు న్యాయమనిపించదు.

పదవులు చాలామందికి తెలిసినవే. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా వైస్ ఛాన్సలర్, ఆపైన 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. సత్యసాయిబాబా ఉపన్యాసాలను ఆంగ్లంలోకి చెప్పిన భగవంతం గారు ఈయనే. 1989 ఫిబ్రవరి 6న కాలం చేశారు.

మా షాపులో షాఫ్టును మిషన్ ఎక్కించే ముందు వేలాడగట్టి సుత్తితో తడతాం. ఖంగుమనాలి. బొంగురుపోతే డీజిల్ పూసి, తుడిచి, సుద్దపొడి చల్లుతాం. గీత ఉంటే తడి పైకి ఊరుతుంది. పార్టీవాళ్ళు ఎవరి దగ్గర పాసైన కాగితం తెచ్చినా సరే, ఈ పని మానం.