త్రియేక దేవుని సాక్షి హెన్రీ కుక్

గుజరాతులోని సూరత్ పట్టణమున 1815లో లండన్ మిషనరీ సొసైటీవారు సువార్త పని ప్రారంభించిరి. స్కిన్నర్, ఫైవీ అను సేవకులు అచ్చట పరిశుద్ధ గ్రంథమును గుజరాతీలోనికి అనువదించిరి. 1840 తరువాతి దశకమున ఆ సేవాక్షేత్రము ఐర్లండు ప్రెస్బిటేరియన్ సంఘమునకు అప్పగింపబడెను. అయితే ఆ సంఘము అన్యదేశమునకు సేవకులను పంపకమునుపు, తాను ప్రకటించు క్రీస్తు ఎవరను ప్రశ్నతో తన యింటిలోనే పెనుగులాడవలసివచ్చెను. ఆ పోరాటమున ముందు నిలిచినవాడు హెన్రీ కుక్.

ఆయన 1788లో ఐర్లండు ఉత్తరభాగమున కౌలురైతు కుటుంబములో జన్మించెను. గ్లాస్గోలో విద్యనభ్యసించి, 1808లో బోధకాభిషేకము పొందెను.

ఆ దినములలో అల్‌స్టర్ సినడునందలి బోధకులలో కొందరు, నాలుగవ శతాబ్దపు ఏరియసువలె, కుమారుడు సమస్త సృష్టికంటె హెచ్చైనవాడే గాని తండ్రితో సమానుడు కాడని తలంచుచుండిరి. తక్కినవారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురైనను స్వభావమందు ఒక్కడే దేవుడని నమ్మిరి. 1821లో ఇంగ్లండునుండి స్మెథర్‌స్ట్ అను యూనిటేరియన్ బోధకుడు వచ్చి ప్రసంగింపగా, కుక్ ఆయన వెంబడి వెళ్లి ప్రత్యుత్తరమిచ్చెను.

సినడులో కుక్‌ను ఎదిరించిన హెన్రీ మోంట్‌గోమరీ గొప్ప వక్త. మనుష్యులు వ్రాసిన విశ్వాస ప్రమాణముతో ఎవరి మనస్సాక్షిని నిర్బంధింపరాదని ఆయన వాదించెను. ఆ వాదమున బలము లేకపోలేదు. కుక్‌కైతే, క్రీస్తు దేవుడా, సృష్టింపబడినవాడా అనునది తేల్చక విడువదగిన సంగతి కాదు. తుదకు 1830లో 17 మంది బోధకులు తమ సంఘములతో వేరుపడిరి. ఒకే బల్లయొద్ద కూర్చున్నవారు విడిపోవుట స్వల్ప దుఃఖము కాదు.

వాదమున గెలుపొందినంతమాత్రమున సంఘము జీవింపదు. 1840లో రెండు సినడులు ఏకమై జనరల్ అసెంబ్లీగా ఏర్పడిన దినముననే జేమ్స్ గ్లాస్గో, అలెగ్జాండర్ కెర్ అనువారిని భారతదేశ సేవకు ప్రత్యేకించిరి. మరుసటి సంవత్సరమే కెర్ కాఠియవాడలో మరణించెను. అయినను పని నిలువక సూరత్ వరకు వ్యాపించెను. సవరింపబడిన గుజరాతీ బైబిలు 1861లో అచ్చటి మిషను ముద్రాలయమున వెలువడెను.

రెండు పర్యాయములు అసెంబ్లీ అధ్యక్షుడైన కుక్, సూరత్‌ను చూడకయే 1868లో ప్రభువునందు నిద్రించెను.

త్రిత్వ మర్మమును మానవబుద్ధి కొలువజాలదు. తండ్రి కుమారుని పంపెను; కుమారుడు ఆదరణకర్తను పంపెను. పంపువాడైన దేవుని ఒప్పుకొను సంఘము తానును పంపవలెను. గుమ్మము దాటని ఒప్పుకోలు అక్షరముగానే మిగిలిపోవును.