చెట్లకు పేర్లు పెట్టిన రాక్స్‌బర్గ్

వృక్షశాస్త్రం చదివే మిత్రులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. హెర్బేరియం షీటు మీద మొక్క శాస్త్రీయ నామం ఒక్కటే రాస్తే మార్కులు పడవు. ఆ పేరు పెట్టినవాడి పేరు కూడా చివర పొట్టిగా రాయాలి. మన పాకాల, ఏటూరునాగారం అడవుల చెట్లు రాసుకుంటూ పోతే ‘రాక్స్‌బ్.’ అనే తోక మాటిమాటికీ తగులుతుంది. ఎండకాలం మా ఊళ్లల్లో తెల్లారకముందే పోయి కోసుకొచ్చే తునికాకు డయాస్పైరాస్ మెలనోజైలాన్ రాక్స్‌బ్. ఇప్పచెట్టుకు బేసియా లాటిఫోలియా అన్నవాడూ ఆయనే. ఇంతకూ ఎవరీయన?

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర చదివి, ఓడల్లో వైద్యునికి సహాయకుడిగా తిరిగి, 1776లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా కుదిరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. ఆయన జీవితచరిత్రలు రాసేవాళ్లు తర్వాతి కలకత్తా పదవి గురించే ఎక్కువ రాస్తారు గానీ, ఆయన్ను తయారుచేసింది సామర్లకోట అని నా అభిప్రాయం.

అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలి, చెరుకు పెంచి చూశాడు. పట్టుపురుగులు కూడా పెంచాడు. ఇదంతా శాస్త్రం మీద ప్రేమ ఒక్కటే కాదు, కంపెనీకి లాభం కావాలి గదా! 1787 తుఫానులో సముద్రం పొంగి ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు పోయాయి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

స్థానిక చిత్రకారులను జీతమిచ్చి పెట్టుకుని ప్రతి మొక్కకూ బొమ్మ గీయించాడు. పువ్వును విప్పి భాగాలు విడివిడిగా వేయించాడు, పక్కన తెలుగు పేరు రాశాడు. సండ్రను మిమోసా సుంద్రా అని లాటిన్‌లోకి ఎక్కించాడు. సోమిద చెట్టు బెరడును జ్వరాలకు సింకోనాకు బదులు వాడవచ్చని రాశాడు. తర్వాత ఆ చెట్టు ప్రజాతికే సోయ్‌మిడా అని పేరు వచ్చింది. అంకుడాకు నుంచి నీలిరంగు తీయవచ్చని కూడా రాశాడు. 1795 నుంచి లండనులో అచ్చయిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 బొమ్మలున్నాయి.

ఆ తెలుగు పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? అడవికి పోయేవాళ్లు, రైతులు, వైద్యం తెలిసినవాళ్లే చెప్పి ఉండాలి. శాస్త్రీయ నామాల చివర వాళ్లకు చోటు లేదు. బొమ్మలు గీసినవాళ్ల పేర్లూ పుస్తకంలో లేవు. రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక నాకది గుచ్చుకుంటుంది.

అయితే ఒక మాట ఆయన పక్షాన చెప్పాలి. 1789–92 మధ్య ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. సామర్లకోటలో ఆయన రోజూ వాన, గాలి, వేడిమి లెక్కలు రాసిపెట్టేవాడు. పైర్లు పోయినా జనం బతకాలంటే కొబ్బరి, పనస, సాగో, అరటి వంటివి నాటించాలని పైవాళ్లకు రాశాడు.

1793లో కలకత్తా తోట సూపరింటెండెంటు అయ్యాడు. అక్కడ ఆయన చేతికి కొత్త వృక్షకుటుంబం వచ్చింది. అవి ఎప్పుడూ పచ్చగా ఉండే ఓక్ చెట్లు. మన దక్షిణాదిన ఓక్ సహజంగా పెరగదు. ఈశాన్యపు కొండల నుంచి, తూర్పు దేశాల నుంచి వచ్చిన నమూనాలు చూసి ఆయన వాటిని వర్ణించాడు. కాయ కూర్చునే గిన్నె ఎట్లా ఉంది, ఆకు అంచు ఎక్కడినుంచి రంపంలా ఉంది అని చూడాలి. క్వెర్కస్ సెమిసెర్రేటా అంటే సగం ఆకుకే పళ్లున్నది. ఆ పేరు ఈనాటికీ చెల్లుతోంది. క్వెర్కస్ ఫెనెస్ట్రేటా మాత్రం నిలవలేదు. నిజమైన ఓక్‌కు మగపూల కంకి వేలాడుతుంది, దీనికి నిక్కి ఉంటుంది. అందుకే 1919లో రేడర్ దీన్ని లిథోకార్పస్‌లోకి మార్చాడు. రాక్స్‌బర్గ్ పేరు అప్పుడు బ్రాకెట్లలోకి పోయింది, అంతే!

ఆరోగ్యం చెడి 1813లో ఇండియా విడిచిన రాక్స్‌బర్గ్ 1815 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో మరణించాడు. ఓక్‌ల వర్ణనతో సహా ఆయన ఫ్లోరా ఇండికా పూర్తిగా అచ్చయింది 1832లో, మిత్రుడు విలియం కేరీ పూనికతో. గీయించిన రెండున్నరవేల పైచిలుకు బొమ్మల్లో ఒక ప్రతి కలకత్తాలోనే ఉంది, మరొకటి లండను క్యూ తోటలో ఉంది.